మావ ఆరబెట్టిన ట్రాన్స్‌ఫార్మర్లు

మా మావ పోయాడు. రెండు వారాల కిందట మంగళవారం పొద్దున్న, పడకకుర్చీలో ఉండగానే గుండె ఆగిపోయింది. ఊళ్లో అనుకుంటున్నట్టు కరెంటు కొట్టి కాదు. ఆ మాట తప్పని చెప్పడానికే ముందుగా ఇది రాస్తున్నాను.

మావ మా అమ్మకు తమ్ముడు. భావనపాడు దగ్గరి హైస్కూల్లో సైన్సు మాస్టారు. అదే బడిలో నేను లెక్కలు చెబుతాను. సర్కారు లైసెన్సు తీసుకుని, పెరటి గదిలోంచి రేడియోలో తనలాంటి ఔత్సాహికులతో మాట్లాడేవాడు. గొంతు దూరం పోవాలంటే యాంప్లిఫయరు కావాలి, దానికి పెద్ద వోల్టేజి కావాలి. కొత్త ట్రాన్స్‌ఫార్మరు ఎక్కడా దొరకలేదు. యుద్ధకాలం నాటివి రెండు విజయనగరంలో పాత ఇనుము కొట్లో కనిపించాయి. కొట్టువాడు రాగి కోసం వాటిని పగలగొట్టబోతున్నాడట.

"ఆగరా, అవి ఇంకా సచ్చిపోనేదు" అని మావ అడ్డం నిలబడ్డాడు.

తెచ్చాక పది రోజులు వాటిని ముట్టుకోలేదు. చెక్కపెట్టెలో పెట్టి, పక్కన బల్బు వెలిగించి, లోపలి తేమ ఆరనిచ్చాడు. ఎందుకింత ఆలస్యమని అడిగితే, "ముసలోళ్లని లేవగానే పరిగెట్టమంటే పడిపోరేటే?" అన్నాడు. అవి సగం వోల్టేజికి చేసిన విదేశీ సరుకు. రెంటినీ వరసగా కలిపి మన కరెంటుకి సరిపెట్టాడు. మధ్యలో బల్బు పెట్టి మొదట కొంచెం కరెంటే ఇచ్చాడు. ఆ గదిలో ఆయన ఎడమచెయ్యి ఎప్పుడూ వెనక్కే ఉండేది. "రెండు సేతులూ ఎడితే కరెంటు గుండిలోంచి ఎల్తాది" అని నాకూ అదే అలవాటు చేశాడు.

పట్నం నుంచి వచ్చిన ఇంజినీరు ఒకాయన చూసి నవ్వాడు. "మాస్టారూ, ఇవి తగలబడతాయి. పారేయండి."

"గంటసేపు కూకుని సూడండి బాబూ. పరీక్ష సెయ్యకుండా పాతదని పారీమంటే నేనొప్పుకోను."

గంట నడిపి, స్విచ్చి ఆపాక, వాటి మీద చెయ్యి పెట్టి చూడమన్నాడు. గోరువెచ్చగా ఉన్నాయి.

ఆ తర్వాతి తుఫానుకి టెలిగ్రాఫు స్తంభాలన్నీ పడిపోయాయి, కరెంటూ పోయింది. వేటకు వెళ్లిన పడవలు రెండు రాలేదు. రైసుమిల్లు డీజిల్ జనరేటరు దగ్గరికి మావ సామానంతా మోయించాడు. చిన్న సెట్టుతో ఎంత పిలిచినా జవాబు లేదు. యాంప్లిఫయరు కలపబోతుంటే ఊరి మునసబు వచ్చాడు.

"మాస్టారూ, ఊరి కబుర్లు పంపడానికి నీ లైసెన్సు ఒప్పుకోదు. రేపు మీదకొస్తాది."

"రానీ. లైసెన్సు పోతే మళ్లీ రాసుకుంతాను. మనుసులు పోతే నువ్వు తెస్తావేటి?"

మావ యాంప్లిఫయరు కలిపేశాడు. కాసేపటికి విశాఖ నుంచి ఒక గొంతు అందుకుని, కబురు రేవుకి చేరవేసింది. మధ్యాహ్నం దాకా మావ కుర్చీ దిగలేదు. మర్నాడు కళింగపట్నం వైపు ఒక పడవని లాంచీవాళ్లు పట్టుకున్నారు, నలుగురూ బతికారు. రెండోది దొరకలేదు. ఎవరైనా పొగిడితే మావ, "రెండోది రానేదు కదా" అని లేచి వెళ్లిపోయేవాడు.

అలాంటి మనిషిని పట్టుకుని, పాత ఇనుము మోసుకుంటూ బతికాడని పరామర్శకు వచ్చిన చుట్టాలు అన్నారు. ఆ గది ఖాళీ చేసి అద్దెకిమ్మన్నారు. ఇవ్వను. రేడియో లైసెన్సు పరీక్షకి దరఖాస్తు పెట్టాను.

"ఆడదానివి, నీకెందుకే?" అని అడిగారు.

"నాకొచ్చు కాబట్టి" అన్నాను.

పదోరోజున, ఆ తుఫానులో బతికిన నలుగురూ వచ్చారు. పెరట్లో రేడియో తీగ కట్టిన ఏరియల్ వెదురుగడ గాలికి వాలిపోయి ఉండటం చూసి, ఎవరూ అడక్కుండానే తాళ్లు తెచ్చారు. రెండో పడవలో పోయినవాళ్లలో ఒకడి భార్య కూడా వచ్చింది. చీర కొంగు నడుముకి చుట్టి, ఒక తాడు కొస పట్టుకుని వెనక్కి వంగింది. గడ మెల్లగా లేచింది. పైన రాగితీగ బిగుసుకుని, సముద్రపు గాలికి సన్నగా మోగసాగింది.