తెల్ల కారులో వెనక సీటు

తొర్రూరులో ఎవరికైనా పాత కారు కొనాలని బుద్ధి పుడితే ముందు పోయేది బస్టాండు వెనక సందులోని రేకుల షెడ్డుకే. అక్కడ కుతుబుద్దీన్ ఉంటాడు. ముప్పై నాలుగేళ్లుగా మెకానిక్. బండి స్టార్టు చేయించి, కళ్లు మూసుకుని, కొంచెం మెడ వంచి ఇంజన్ చప్పుడు వింటాడు. "వద్దు" అన్నాడా, అమ్మేవాడు కాళ్లావేళ్లా పడ్డా ఆ బేరం ఇక ముందుకు సాగదు. ఇంతా చేసి తీసుకునేది ఒక చాయ్. అంతకంటే ఎక్కువిస్తే కోపం.

బండి ఎంచడంలో ఆయనకు కొన్ని పట్టింపులున్నాయి. వానలో చూడొద్దు, తుప్పు కనబడదు. చల్లారిన ఇంజన్‌నే స్టార్టు చేయాలి, వేడి ఇంజన్ అబద్ధాలు చెబుతుంది. ఇంకొకటి, అన్నిటికన్నా గట్టిది: బేరానికి ఆడవాళ్లను తీసుకుపోకూడదు.

"ఇంట్లోళ్లు బండిని సూసి మురిసిన్రనుకో, అమ్మేటోడు రూపాయి దిగడు," అనేవాడు. ఆ మాట ఊరంతా పాకింది. అందుకే తొర్రూరులో చాలామంది ఇల్లాళ్లు తమ కారును మొదటిసారి చూసేది అది దండ వేసుకుని వాకిట్లో ఆగినప్పుడే.

ఇంతమందికి కార్లు ఎంచిన మనిషి ఇంట్లో కారు లేదు. పాత స్కూటరుతోనే కాలం వెళ్లదీశాడు. భార్య సాబేరా ఎన్నడూ అడగలేదు. అడిగే రకం కూడా కాదు. కిడ్నీలు పాడై వారానికి మూడుసార్లు మానుకోట దవాఖానలో రక్తం శుద్ధి చేయించుకోవాల్సి వచ్చినప్పుడు కూడా, "బస్సు ఉన్నది గద జీ," అన్నది. కొన్నాళ్లు అట్లాగే తిరిగారు. నాలుగు గంటలు మిషన్ మీద పడుకుని, సొమ్మసిల్లినట్టయి, తిరిగొచ్చేటప్పుడు బస్సులో రాడ్డు పట్టుకుని నిలబడేది. ఒకరోజు నెల్లికుదురు దగ్గర ఆ రాడ్డు మీది చెయ్యి జారి పడిపోయింది. ఎవరో సోడా కొట్టి ముఖం మీద చల్లారు. ఆ రోజే కుతుబుద్దీన్ కారు కొనాలని నిశ్చయించుకున్నాడు.

ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడిందంటారు. బల్లి పడ్డది అక్కడే, ఆ ఎంపికలోనే. కానీ అప్పుడు ఎవరికీ తెలియలేదు, బల్లికి అసలే తెలియలేదు.

పదిహేను రోజులు తిరిగాడు. భూపాలపల్లిలో బొగ్గు గనిలో పనిచేసే ఒకాయన బండి చూశాడు. ఎత్తుగా, పెద్ద తలుపులతో, కూర్చుంటే కుర్చీలో కూర్చున్నట్టు ఉంది. ఇంజన్ కూడా కడిగిన ముత్యం. కానీ లీటరుకు పద్నాలుగు కన్నా ఇయ్యదు. వారానికి మూడుసార్లు పోయి రావాలి, బతికున్నన్నాళ్లూ పోయి రావాలి. అది ఏనుగును కట్టుకున్నట్టేనని వదిలేశాడు. తర్వాత జనగామలో ఒక పంతులు దగ్గర తెల్ల చిన్న కారు కనబడింది. ట్యాంకు మెడదాకా నింపించాడు. అద్దాలు దించి, ఏసీ ఆపి, యాభై దాటకుండా ఒక్కడే నడిపి, మళ్లీ అదే బంకులో అదే పైపుతో నింపించాడు. లీటరుకు ఇరవై రెండు! తన లెక్క తానే నమ్మలేక ఇంకోసారి నడిపి చూశాడు. మళ్లీ ఇరవై రెండే.

అన్నిటికన్నా తక్కువ రకం మోడల్ అది. పాటల డబ్బా లేదు, అద్దాలు చేత్తోనే తిప్పాలి. చెడిపోయేటివి లేకుంటే చెడిపోయేదే ఉండదని కుతుబుద్దీన్ సంబరం. సాబేరాను ఒక్కసారి తీసుకొచ్చి అందులో కూర్చోబెట్టి చూద్దామన్న ఆలోచన ఆయనకు రాలేదు. బేరానికి ఆడవాళ్లెందుకు?

కారు ఇంటికి వచ్చిన రోజు గల్లీ అంతా చూడడానికి వచ్చింది. "కుతుబ్ భాయ్ ఎంచిండంటే ఇగ సూస్కో," అని ఒకరు, "పెట్రోలు వాసన సూస్తే సాలు నడుస్తదట," అని ఒకరు. సాబేరా కొత్త దుపట్టా కప్పుకుని వెనక సీట్లో కూర్చున్నది. వచ్చేటప్పుడు పడుకోవాలి కాబట్టి ఆమె చోటు వెనకే. సీటు బాగా లోతు. మోకాళ్లు అప్పటికే పట్టేసి ఉన్నాయి. దిగబోయి, తలుపు పైన చేత్తో తడిమి, "పట్టుకోనీకి ఏం లేదా జీ?" అని అడిగింది.

"ఇది బస్సా, ఏలాడనీకి?" అన్నాడు కుతుబుద్దీన్.

అందరూ నవ్వారు. సాబేరా కూడా నవ్వింది. తర్వాత ఒకే ఒక్కసారి, "జర ఎత్తుంటే మంచిగుండు," అన్నది. ఎత్తు బండ్లు ఎంత పెట్రోలు తాగుతాయో ఆయన అరగంట సేపు విడమరచి చెప్పాడు. ఇక ఆ మాట మళ్లీ ఎత్తలేదు. ముప్పై ఏళ్ల కాపురంలో ఆయన తనకోసం తాను ఎంచుకున్నది ఆ ఒక్కటే. దాన్ని తక్కువ చేయడానికి ఆమెకు మనసు రాలేదు.

వారానికి మూడు రోజులు తెల్లకారు మానుకోటకు పోయి వచ్చేది. బండి ఆగగానే కుతుబుద్దీన్ చేసే మొదటి పని దిగి బానెట్ మీద చెయ్యి పెట్టడం. చేతి అలవాటు అది. వేడి చూసి, బానెట్ లేపి, ఒక్క నిమిషం చెవి పెట్టి వినేవాడు. మళ్లీ బానెట్ దించేసరికి సాబేరా దిగి తలుపు పట్టుకుని నిలబడి ఉండేది, ఆయాసపడుతూ. ఆ ఆయాసం కిడ్నీలదేనని ఆయన అనుకున్నాడు.

మూడో నెలలోనో నాలుగో నెలలోనో ముందు సీటు తల ఆనించుకునే మెత్త వెనకవైపు చిరిగి ఉండడం చూశాడు. కవరు గోకి గోకి పోయి లోపలి పసుపు స్పాంజి బయటికొచ్చింది. కొత్త కవరు అది. ఒళ్లు మండింది.

"ఎలుకలు పడ్డయి సాబేరా! షెడ్డు పక్కన పెడితే గింతే," అన్నాడు. నల్ల టేపు తెచ్చి చుట్టాడు. ఎలుకల బోను తెచ్చి, కొబ్బరి ముక్క గుచ్చి, సీటు కిందికి తోశాడు. ఇదంతా సాబేరా గుమ్మంలో కూర్చుని చూసింది.

వానలు మొదలయ్యాక ఆమె దవాఖాన వంతులు తప్పించడం మొదలుపెట్టింది. "ఇయ్యాల వద్దు జీ, మంచిగనే ఉన్న," అనేది. ముందు వారానికి ఒకటి పోయింది, తర్వాత రెండు. డాక్టరు ఇద్దరినీ కలిపి తిట్టాడు. పైసలకు వెనకాడుతున్నదేమోనని కుతుబుద్దీన్ అనుమానపడ్డాడు.

"పెట్రోలుకు పరేషాన్ గాకు. గీ బండి ఏం తాగది," అన్నాడు.

"నాకు తెల్సు జీ. మీరు మంచి బండే తెచ్చిన్రు," అన్నది సాబేరా.

ఒక వారమంతా ముసురు పట్టింది. ఆ వారం ఒక్కసారి కూడా పోలేదు. ఆదివారం పొద్దున ఊపిరాడక మంచం మీద లేచి కూర్చున్నది. పక్కింటివాళ్లు ఇద్దరు ఎత్తి కారులో పడుకోబెట్టారు. కుతుబుద్దీన్ జీవితంలో మొదటిసారి ఆ బండిని తొంభైలో తోలాడు. మానుకోటలో మధ్యాహ్నం దాకా ఉంచుకున్నారు. ఆ తర్వాత చేయడానికేమీ లేదని చెప్పారు.

మట్టి కార్యానికి వచ్చినవాళ్లంతా ఒకే మాట అన్నారు. నువ్వేం తక్కువ చేసినవ్ భాయ్? ఆమె కోసమని కారు కూడా కొన్నవ్. నలభై రోజులూ ఆ మాట వింటూనే ఉన్నాడు. వినగా వినగా దాన్ని నమ్మాడు. ఒంటరిగా ఉన్నప్పుడు తనకు తానే చెప్పుకునేవాడు: కారు కూడా కొన్న. ఆయనకు మిగిలిన ఊరట అంటే ఆ ఒక్క మాటే. అదీ లేకపోతే పొద్దున లేచి షెడ్డు తాళం తీసేవాడు కాదు.

తెల్లకారుకు మాత్రం పట్టా కప్పేశాడు.

చలికాలంలో చాంద్యా వచ్చాడు. నెల్లికుదురు దాటాక రోడ్డు పక్క తండా అతనిది. మిరప వేస్తాడు. డోర్నకల్‌లో హర్షవర్ధన్ అని రైల్వే ఉద్యోగి బదిలీ మీద పోతూ చిన్న కారు అమ్ముతున్నాడట. "నువ్వు ఊఁ అంటేనే తీస్కుంట భాయ్. రోజు తిరగనీకి. మైలేజీ మంచిగియ్యాలె," అన్నాడు.

కుతుబుద్దీన్‌కు పోవాలని లేదు. డోర్నకల్ పోవాలంటే మానుకోట మీదుగానే పోవాలి. కానీ బండి కదలక బ్యాటరీ పాడవుతున్నది. మెకానిక్ మనసు ఎంత చచ్చినా బ్యాటరీ చావడం ఒప్పుకోదు. పట్టా తీశాడు.

తండా దగ్గర చాంద్యాతో పాటు అతని తల్లి కాళి కూడా కర్ర పట్టుకుని రోడ్డు మీద నిలబడి ఉంది. డెబ్బై దాటిన మనిషి.

"అవ్వ ఎందుకు చాంద్యా? బేరానికి ఆడోళ్లు వద్దని ఎన్నిసార్లు చెప్పిన?" అన్నాడు కుతుబుద్దీన్.

జవాబు కాళే చెప్పింది. "పైసలు నా బర్లను అమ్మిన పైసలు కొడుకా. దవాఖానకు పోయేది నేను. నేను సూడకుంటే ఎట్ల?"

చాంద్యా తల్లిని వెనక సీట్లోకి ఎక్కించి, తను ముందు కూర్చున్నాడు. దారిపొడుగునా మిరప ధర గురించి మాట్లాడాడు. మానుకోట దవాఖాన వచ్చినప్పుడు కుతుబుద్దీన్ తల తిప్పకుండా రోడ్డునే చూశాడు.

డోర్నకల్‌లో రైల్వే క్వార్టర్ల ముందు బండి ఆగింది. చాంద్యా దిగి తలుపు కొట్టడానికి పోయాడు. కుతుబుద్దీన్ దిగాడు. చెయ్యి దానంతటదే బానెట్ మీదికి పోయింది. లేపాడు, విన్నాడు. ఇంజన్ బాగానే ఉంది. బానెట్ దించాడు.

దించగానే ఎదుటి అద్దంలోంచి కారు లోపల కాళి కనబడింది. పక్కన చెయ్యి అందించేవాళ్లు ఎవరూ లేరు. దిగడానికి తంటాలు పడుతున్నది. ఎడమ చెయ్యి ముందుకు చాచి ముందు సీటు మెత్తను పట్టుకుంది. వేళ్లు సరిగ్గా ఆ నల్ల టేపు మీదే పడ్డాయి. పళ్లు బిగపట్టి లేవబోయింది, మళ్లీ వెనక్కి పడింది. గోళ్లు టేపులోకి దిగాయి. కళ్లలో నీళ్లు తిరిగాయి. మూడోసారికి ఎట్లాగో కాళ్లు బయటపెట్టి, తలుపు పట్టుకుని నిలబడింది, ఆయాసపడుతూ.

సాబేరా రోజూ నిలబడినట్టే.

కాళి చేతి వైపు చూసుకుని, మెత్త వైపు చూసి అన్నది: "గీ బండిల నా అసొంటి మోకాళ్లు లేనామె తిరిగినట్టున్నది కొడుకా. ఆమె పట్టుకున్న జాగ గట్లనే ఉన్నది. పాపం, ఎంత గోస పడ్డదో. ఎవలామె?"

కుతుబుద్దీన్ వెనక తలుపు దగ్గరికి వచ్చి, మోకాళ్ల మీద కూలబడి, సీటు కింద చెయ్యి పెట్టి బోను బయటికి లాగాడు. కొబ్బరి ముక్క ఎండి నల్లబడి ఉంది. ఒక్క పంటి గాటు లేదు. ఇన్ని నెలల్లో ఒక్క ఎలుక కూడా దాని దగ్గరికి రాలేదు.

గుమ్మంలో కూర్చుని తాను ఈ బోను పెట్టడం చూస్తున్న సాబేరా ముఖం అప్పుడు గుర్తుకొచ్చింది. దిగినప్పుడల్లా వచ్చిన ఆయాసం, తప్పించిన వంతులు, "మంచి బండే తెచ్చిన్రు" అన్న మాట, అన్నీ వరసగా వచ్చాయి. ముప్పై నాలుగేళ్లు ఇంజన్లు ఏం చెబుతున్నాయో విన్నాడు. ఇంట్లో మనిషి ఒక్కసారి అడిగితే నవ్వేశాడు, రెండోసారి అడిగితే పెట్రోలు లెక్క చెప్పాడు. కారు కూడా కొన్న అన్న ఆ ఒక్క ఊరట ఆ రోడ్డు మీదే పోయింది. బోను పక్కన పెట్టి, రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. కాళి ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

"భాయ్, బండి గిదే! సల్లగనే ఉన్నది ఇంజను. బానెట్ లేపాల్నా?" అని చాంద్యా ప్రహరీ లోపలినుంచి కేకేశాడు.

కుతుబుద్దీన్ ముఖం తుడుచుకుని పోయాడు. అచ్చం తన కారు లాంటిదే. రంగు ఒక్కటే వేరు. బానెట్ జోలికి పోలేదు. వెనక తలుపు తెరిచాడు.

"రా అవ్వా. ముందు నువ్వు కూసో."

కాళి కూర్చున్నది. ఆయన తలుపు దగ్గర నిలబడి లేవమని చెయ్యి అందించాడు. కాళి దాన్ని గట్టిగా పట్టుకుని, బరువంతా దాని మీద వేసి, మూలుగుతూ లేచింది. ఆ మూలుగును ఆయన చివరిదాకా విన్నాడు.

"ఇది నీకు వద్దవ్వా. తగ్గున్నది. ఎత్తుది సూద్దాం," అన్నాడు.

"గట్లెట్ల భాయ్, ఇంజనన్న సూడకపోతివి!" అన్నాడు చాంద్యా. "మైలేజీ ఎంతిస్తదో అడుగుదాం జర!"

ఇరవై రెండు ఇస్తదని కుతుబుద్దీన్‌కు తెలుసు. చెప్పలేదు.