ఉన్నదానికి సంతోషించమన్నారు

మా ఆయన తోట నుంచి వచ్చి స్నానం చేసి, అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. చెప్పులు విడిచి గంటైనా పాదం మీద పట్టీ అచ్చు పోలేదు. బొటనవేలితో నొక్కాను. గుంట పడింది, పైకి లేవలేదు. ఇంటికో కిడ్నీ రోగి ఉన్న మా ఉద్దానంలో ఆ గుంట ఏమిటో డాక్టరు చెప్పక్కర్లేదు.

"ఏటి పిల్లా అలా నొక్కి సూత్తన్నావు?" అంది మా అత్త. "పొద్దంతా జీడితోటలో తిరిగినోడి కాళ్లు వాయవేటి? పక్కింటోడు వారానికి మూడుసార్లు పలాస ఎల్లి రగతం కడిగించుకుంతన్నాడు. మనోడు తిరుగుతన్నాడు కదా. ఉన్నదానికి సంతోసించు."

ఆ మాట వింటే నాకు ఒళ్లు మంట. పక్కింటి మంచాన్ని చూసి దేవుడికి దండం పెట్టుకోవడం కూడా ఒక కృతజ్ఞతేనా?

మర్నాడు బీరువాలో ఆధార్ కార్డు వెతుకుతుంటే ఆయన రక్తపరీక్ష కాగితం బయటపడింది. నాలుగు నెలల కిందటిది. కిడ్నీల సంగతి చెప్పే క్రియాటినిన్ అంకె కింద ఎర్రగీత. తీసుకెళ్లి ఆయన ముందు పెట్టాను.

"సెల్లికి సంబంధం వత్తంది కదా," అన్నాడు తలొంచుకుని. "అన్నకి కిడ్నీ అంటే ఆల్లు ఎనక్కి పోతారు. కుదిరాక సెప్దామనుకున్నాను."

"నాకూ సెప్పవా మావా? నేనేమైనా పెళ్లివారినా?"

"నీకు సెప్తే సోంపేట దాకా ఇనిపిత్తాది."

నవ్వు రాలేదు. ఆ నాలుగు నెలలూ నడుంనొప్పని మా పెద్దపిల్లని కొట్టుకి పంపి నొప్పి బిళ్లలు తెప్పించుకుని మింగాడు. నీళ్లు అందించింది నేనే. డిగ్రీలో కెమిస్ట్రీ చదివిన నేను!

ఆ రోజే పలాస లాక్కెళ్లాను. ఇంకా మొదట్లోనే ఉందన్నారు డాక్టరు. కిడ్నీల్ని పాడుచేసే ఆ నొప్పి బిళ్లలు మానాలి, క్రమం తప్పకుండా చూపించుకోవాలి.

తిరుగు బస్సులో ఆయన వేరుశనక్కాయలు వలిచి నా చేతిలో పోస్తూ కూర్చున్నాడు. ఆనందంగా అనిపించింది. మనిషి పక్కనే ఉన్నాడు, వెచ్చగా. ఆ ఆనందం మీదే మళ్లీ కోపం వచ్చింది. ఉన్నదాన్ని చూసి సంతోషించాలంటే ముందు ఉన్నదేమిటో తెలియనివ్వాలి కదా! నాలుగు నెలలు నాకు తెలియనివ్వలేదు.

ఇంటికి రాగానే "పెళ్లివారికి తెలిత్తే?" అంది అత్త.

"తెలియనీ అత్తా. మీ అబ్బాయి కావాలి నాకు."

పొద్దున్నే పిల్లలిద్దరినీ కూర్చోబెట్టాను.

"నాన్నకి కిడ్నీ జబ్బు మొదలైంది. ఎవరడిగినా దాయొద్దు. బిళ్లలు తెమ్మని నాన్న కొట్టుకి పంపితే వెళ్లొద్దు, వచ్చి నాకు చెప్పండి. నాన్న తిట్టినా సరే."