పిన్ని రాయని లెక్కల పరీక్ష

ఏప్రిల్ 12, ఆదివారం. ఈ ఉదయం అమ్మ నంబరు నుంచి ఫోన్ వచ్చింది. అమ్మ పక్కనుంచి ఎవరో చెప్పారు: పిన్ని పోయింది. తెల్లవారుజామున గుండె ఆగిందట. శ్రీకాకుళం హాస్టల్ నుంచి నౌపడ వచ్చాను. మధ్యాహ్నానికే అంతా అయిపోయింది.

పిన్ని మా అమ్మకి చెల్లెలు. మా పక్కిల్లే. పగలు ఉప్పు మళ్లలో పని చేసేది. పెళ్లికి ముందు పదో తరగతి లెక్కల్లో తప్పింది. కరోనా వచ్చిన ఏడాది నేను పదిలో ఉంటే, తనూ లెక్కల పేపరుకి ప్రైవేటుగా ఫీజు కట్టింది.

"ఏటే, మళ్లీ రెండు జడలేసుకుంటావేటి?" అని తోటి ఆడవాళ్లు ఏడిపించేవారు.

"ఏసుకుంటాను. రిబ్బన్లు నువ్వు కొనియ్యి," అనేది.

బడి మూసేశాక పిన్ని వాళ్ల అరుగే మా ఇద్దరికీ బడి. నాకు అర్థమైనది తనకి చెప్పేదాన్ని. తను తిరిగి చెబితే నాకు ఇంకా బాగా అర్థమయ్యేది. సరూప త్రిభుజాలని చుట్టరికంలో కలిపేసింది. "ఇది పెద్దది, అది సిన్నది. పోలికలొక్కటే. మీ అమ్మా నానూ లాగ." లెక్క కుదిరినా సంతోషించేది కాదు. పలక తుడిచేసి మళ్లీ చేసేది. "ఒకసారొస్తే వచ్చినట్టేటే? రెండోసారీ రావాల."

పరీక్షలు వాయిదా పడ్డాయి, మళ్లీ పడ్డాయి, ఆఖరికి రద్దయ్యాయి. అందరూ పాస్. టీవీలో ఆ మాట వినగానే నేను వీధిలోకి పరుగెత్తి గెంతాను. మీ ఇంట్లోనూ ఆ రోజు అలా గెంతినవాళ్లు ఉండే ఉంటారు. పిన్నిని కూడా చెయ్యి పట్టి లాగాను.

"పాసయిపోయావు పిన్నీ!"

"నానెక్కడ పాసయినానే? పాస్ సేసేసినారు."

అప్పుడు నాకు రెండూ ఒకటే అనిపించాయి. ఇప్పుడు ఎం.ఏ.లో తెలుగు చదువుతూ, వాక్యంలో కర్త ఎవరో వెతకడం నేర్చుకుంటున్నాను. పిన్ని అన్న ఆ వాక్యంలో పిన్ని చేసిన పనేమీ లేదు.

తర్వాత ఒకరోజు బళ్లో అడిగి వచ్చింది. పాసైనవాళ్లు మళ్లీ రాయడానికి లేదన్నారట. ఫెయిలైనన్నాళ్లూ ఎప్పుడైనా రాయొచ్చు. పాసయ్యాక ఆ వీలూ పోయింది.

నన్ను వీధిలో పిల్లలు "కరోనా పాసు" అని వెక్కిరిస్తే ఏడ్చుకుంటూ ఆమె దగ్గరికే వెళ్లాను. "నీకేటే? ముందర ఇంటరున్నాది, డిగ్రీ ఉన్నాది. అక్కడ రాసి సూపిస్తావు. నానెక్కడ సూపించాల?" అంది. అంతలోనే తనే నవ్వింది. "పోనీ నువ్వే ఒక పేపరియ్యి. ఎదురుగా కూకో. కాపీ కొట్టకుండా సూడు."

సరేనన్నాను. సెలవలకి వచ్చినప్పుడల్లా ఏదో ఒక పని అడ్డొచ్చేది. ఆమె రెండోసారి అడగలేదు. మర్చిపోయిందనుకున్నాను. అలా అనుకోవడం నాకు సులువుగా ఉండేది. అదే పాసుతో నేను కాలేజీలో చేరాను, ఎన్నో పరీక్షలు రాశాను. పిన్ని రాసి ఉంటే తప్పక పాసయ్యేది. ఆ సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. తనకి చెప్పలేదు.

రేపు నాకు సెమిస్టర్ పరీక్ష. సాయంత్రం అరుగు మీద ఆ మాట వస్తే పెద్దమ్మ కసిరింది. "ఇయాల దాన్ని సాగనంపి, రేపు పరీక్షేటే నీకు? మరోపాలి రాసుకుందువులే." నాకూ లేచి వెళ్లాలని లేదు. రాయడానికి నాకు మరోసారి ఉంటుందన్న ఆలోచనకే తల ఎత్తలేకపోయాను.

బాబాయి గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. "ఎల్లనియ్యండి. పరీక్ష మానీసిందంటే అది నన్ను తిడతాది," అన్నాడు.

తిడతాది అన్నాడు. తిట్టేది అనలేదు. ఎవరూ సరిదిద్దలేదు.

రేపు ఉదయం మొదటి పాసింజరుకి వెళ్తాను. స్టేషనుకి బాబాయే సైకిలు మీద దింపుతానన్నాడు. రైలు పెట్టెలో ఉప్పు మళ్ల వైపు కిటికీ దగ్గర కూర్చుంటాను. ఆ వేళకి ఆడవాళ్లు మళ్లలోకి దిగి, వరసగా వంగి ఉప్పు లాగుతుంటారు. బండి వాళ్లని దాటేవరకూ పుస్తకం తెరవను.