వెన్నుపూసల మేడమ్

చేపల పరిశోధనశాలలో ఆమెను అందరూ వెన్నుపూసల మేడమ్ అంటారు. లోతు సముద్రపు పాముచేపలన్నీ పైకి ఒకే బూడిదరంగు, ఒకే వాలకం. ఏది ఏ జాతిదో తేలాలంటే వెన్నుపూసలు లెక్కపెట్టాల్సిందే. ఎక్స్‌రే ఫిల్మును లైటుపెట్టె మీద పరిచి, ముక్కు ఆనేంతగా వంగి, గుండుసూదితో ఒక్కో పూసనూ తాకుతూ ఆమె పెదవుల్లోనే లెక్కపెడుతుంది. ఎవరైనా వస్తే ఎడమచెయ్యి పైకి లేపుతుంది. ఆ చేతిని ఇంతవరకూ లక్ష్యపెట్టినవాడు లేడు. నూట పన్నెండు దగ్గర "మేడమ్, టీ" అంటాడు అటెండరు. తొంభై దగ్గర భర్త ఫోను: "బీరువా తాళం ఎక్కడ పెట్టావ్?" "నా నెత్తిమీద!" అని ఫోను పెట్టేసి, మళ్ళీ ఒకటి నుంచి మొదలు.

నిన్న వలలో పడి వచ్చిన చేపకు రెండుసార్లూ నూట యాభై ఏడే వచ్చింది. ఆ రకంలో తెలిసిన జాతుల్లో దేనికీ అన్ని లేవు, అంటే కొత్త జాతే కావచ్చు. పరుగున వెళ్ళి చెబితే, పెద్దసారు కళ్ళజోడు తుడుచుకుంటూ, "పుర్రె కింద నక్కి ఉండే మొదటి పూసను కలిపావా అమ్మా?" అన్నారు.

"పదిహేనేళ్ళుగా కలుపుతూనే ఉన్నానండీ!" అంది గానీ, వెనక్కి వస్తుంటే అనుమానం పురుగులా తొలిచింది. విసుక్కుంటూనే సూదిని మళ్ళీ పుర్రె కింద ఆనించింది. సగంలో తలుపు చప్పుడైంది. ఎడమచెయ్యి లేచింది. ఈసారి ఎవరూ మాట్లాడలేదు. చివరి పూస దాకా వెళ్ళి తలెత్తితే, గుమ్మంలో పెద్దసారు ఊపిరి బిగబట్టి నిలబడి ఉన్నారు.

"నూట యాభై ఏడు. కలిపాననే కదండీ చెప్పాను!" అంది. లేపిన చెయ్యి మాత్రం ఇంకా దించలేదు.