ఉప్పునీళ్ళ చేపకు కాంపౌండర్ మామ వైద్యం

"నాయన పోయినాడు బావా. పొద్దున టీ తాగి మంచం మీద ఒరిగినాడు, మళ్ళ లెయ్యలేదు" అని కాంపౌండర్ మామ కొడుకు తర్లుపాడు నుంచి ఫోన్ చేశాడు.

ఆ చుట్టుపక్కల గొర్రెలున్నవాళ్ళకు మామను పరిచయం చెయ్యక్కర్లేదు. పశువుల ఆసుపత్రిలో పనిచేసి రిటైరయ్యాడు. ఎన్ని మందలకు కడుపులో పురుగుల మందు పోశాడో ఆయనకే లెక్క తెలియదు. మా అమ్మ ఆయన్ని తమ్ముడా అంటుంది కాబట్టి నాకు మామ. అంతకుమించి చుట్టరికం లేదు. మార్కాపురంలో మా ఇంట్లో ఒక్క గొర్రె కూడా లేదు. అయినా ఆయన వైద్యం మాకెందుకు కావలసి వచ్చిందో మీకు చెప్పాలి.

రాష్ట్రం విడిపోయిన కొత్తలో, రాజధాని ఎక్కడో ఇంకా తేలకముందే, మా ఇంటికి సముద్రం వచ్చింది. మూడడుగుల పొడవు. మద్రాసులో రంగుచేపల దుకాణంలో పనిచేసే మా తమ్ముడు, ఆ దుకాణం ఎత్తేస్తే, ఒక గాజుతొట్టి, సముద్రపు రాళ్ళు, తెల్లచారల నారింజరంగు చేపలు రెండు తెచ్చి అమ్మ మంచం ఎదురుగా పెట్టిపోయాడు. అమ్మకు అప్పటికే కుడిపక్కంతా పక్షవాతం. రెండు ముద్దలకే మొహం తిప్పుకునేది. చేపలకు మేత వేసి చూపిస్తే, అవి తింటున్నంతసేపూ తనూ తినేది. డాక్టర్లు చేయలేని పని వేలెడంత చేపలు చేశాయి.

ఆరు నెలలకు వాటిలో పెద్దది చిక్కడం మొదలుపెట్టింది. తింటూనే ఉంది, కడుపు మాత్రం లోపలికి పోతోంది. వెనక తెల్లదారంలాంటి రెట్ట వేలాడేది. తర్వాత మేత నోట్లో పెట్టుకుని ఉమ్మేయసాగింది. అమ్మ కూడా ముద్ద ఉమ్మేసింది. "అది తిననీ, తింటా" అంది. రెండు రోజులు పాలు తప్ప ఏమీ లోపలికి పోలేదు. తమ్ముడికి ఫోన్ చేస్తే పేగుల్లో పురుగులేమోనన్నాడు. పురుగులంటే నాకు తెలిసిన వైద్యుడు ఒక్కడే.

కబురందుకుని మామ వచ్చేసరికి నేను గొర్రెలకు పోసే తెల్లమందు సీసా మూత తీసి తొట్టి మీద వంచబోతున్నాను.

"ఆగు అల్లుడూ! ఏంది నువ్వు చేస్తుండేది?"

"మందకంతా ఒకేసారి పొయ్యాలని నువ్వే గదా మామా ఊరూరా చెప్పింది."

"పేడ చూడకుండా ఎప్పుడన్నా పోసినానా?"

స్టూలు వేసుకుని తొట్టి ముందు కూర్చున్నాడు. చేప రెట్ట వేస్తుందేమోనని రెండు గంటలు కళ్ళార్పకుండా కాచుకున్నాడు. మా ఆవిడ టీ తెచ్చిచ్చి, "మిమ్మల్ని చూసి సిగ్గుపడుతుండాదేమో చిన్నాయనా" అంది.

"గొర్రెకు లేని సిగ్గు దీనికెందుకమ్మా?"

చివరికి ఇంకు ఫిల్లరుతో ఆ తెల్లదారాన్ని పట్టి, చిన్న సీసాలో పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళి, మైక్రోస్కోపులో చూసి వచ్చాడు. "ఏందో కదిలినట్టుంది. పురుగు కదిలిందో నా కన్ను అదిరిందో చెప్పలేను. అనుమానం మీదనే మందిద్దాం" అన్నాడు. తెలియనిది తెలియదని చెప్పడానికి ఆయనకెప్పుడూ మొహమాటం లేదు.

తమ్ముడు కొరియర్లో మందు పంపాడు. పెద్ద తొట్టిలో మాత్రం కలపొద్దన్నాడు. రాళ్ళను పట్టుకుని ఉండే సూక్ష్మజీవులే ఆ నీళ్ళను శుభ్రంగా ఉంచుతాయట. అవి చస్తే రెండో చేప కూడా దక్కదట. అందుకని జబ్బు చేపను చిన్న గాజుతొట్టిలోకి మార్చాం. తిండే తిననిదానికి మందు ఎక్కించేదెట్లా? ఫోన్లో తమ్ముడే చెప్పాడు: "సముద్రం చేప నీళ్ళు తాగుద్ది మామా."

మామ మొహం వెలిగిపోయింది. "తాగుద్దా! ఇంకేంది, కుడితిలో కలిపినట్టే!"

ఆ చిన్నతొట్టిని వంటింట్లో పెట్టబోతే ఒప్పుకోలేదు. అమ్మ మంచం పక్కనే పెట్టించాడు. అమ్మ ఎడమచేత్తో ఆయన చెయ్యి పట్టుకుంది.

"తమ్ముడా... బతుకుద్దా?"

"బతుకుద్దని చెప్పనక్కా. రోజూ వస్తానని మాత్రం చెప్తా."

రోజూ వచ్చాడు. నెత్తిన తువ్వాలు వేసుకుని, తర్లుపాడు ఆటోలో, నడి ఎండలో. రోజూ సగం నీళ్ళు తీసి, ఉప్పు కలిపిన కొత్తనీళ్ళు పోసి, మళ్ళీ మందు కలపాలి. "మన స్నానానికి ట్యాంకరు రాకపాయె, దీనికి రోజూ క్యాను నీళ్ళు" అని గొణుగుతూనే మా ఆవిడ ఉప్పు కలిపి ఇచ్చేది. ఆ పని అయ్యాక మామ గంజిగ్లాసు పట్టుకుని అమ్మ దగ్గర కూర్చునేవాడు. "తాగక్కా. నువ్వు గూడా చిక్కితే నీకంత పెద్ద ఫిల్లరు ఎక్కడ తెచ్చేది నేను?" అమ్మ నవ్వేది. నవ్వడానికి తెరిచిన నోట్లో ఒక గుక్క పోసేవాడు. అట్లా నెట్టుకొచ్చాం.

కొన్నాళ్ళకు చేప రొయ్యముక్కను కొరికి చూసింది. మామ రొయ్యను మెత్తగా నూరి, మందు కలిపి, చేదు తెలియకుండా వెల్లుల్లి రసం చేర్చి, ఆవగింజంత ఉండలు చేశాడు. మొదటిది ఉమ్మేసింది. రెండోదీ ఉమ్మేసింది. మూడోది ఏమైందో మేం చూడనేలేదు. "మింగె... మింగె!" అని అమ్మే అరిచింది. మామ చేతులు కడుక్కుని, పప్పన్నం కలిపి అమ్మకు అందించాడు. ఆ రోజు అమ్మ కంచంలో సగం తినింది. "తిన్నాది గదా అని మందు ఆపేది లేదు" అంటూ ఆయన కోర్సు అయ్యేదాకా వస్తూనే ఉన్నాడు. చివరికి తెల్లదారం పోయి మామూలు నల్లటి రెట్ట కనబడిననాడు, పరీక్ష పాసైనవాడిలా అందరికీ చూపించాడు.

అందుకే ఈ చావు కబురు అమ్మకు చెప్పడానికి భయపడ్డాను. చెప్పాక భయపడినట్టే అయింది. చేపలు రెండూ ఎదురుగా శుభ్రంగా తింటున్నా, అమ్మ గంజి తప్ప మెతుకు ముట్టలేదు. మామ పెద్దదినం కర్మ నాడు మాత్రం, జబ్బు చేశాక గడప దాటని మనిషి, "నన్నూ తీసకపో" అంది.

ఆటోలో తర్లుపాడు తీసుకెళ్ళాం. దించడం కుదరలేదు. అత్త, అంటే మామ భార్య, తనే విస్తరి పట్టుకుని ఆటో దగ్గరికి వచ్చింది. ముద్ద కలిపి నోటిదాకా తెచ్చింది.

"ఒక్క ముద్ద తిను వదినా."

"ఇట్లియ్యి. నేనే తింటా" అని అమ్మ విస్తరిని ఒళ్ళోకి లాక్కుంది.

అప్పుడే ఒక గొర్రెలమంద రోడ్డెక్కి ఆటోకు రెండువైపులా ఒరుసుకుంటూ పోతోంది. ఆటో ఊగుతోంది. విస్తరి జారిపోకుండా చచ్చుబడ్డ కుడిచేతిని తెచ్చి దాని అంచు మీద బరువుగా పెట్టుకుని, అమ్మ ఎడమచేత్తో నింపాదిగా అన్నం కలుపుకుంటోంది.