నేను మోగనివ్వని ఫోను

తొంభైల చివర్లో రెండేళ్లపాటు నేను ఒక వ్యానులో బతికాను. విత్తనాలు, పురుగుమందులు అమ్మే ఒక కంపెనీ వాళ్లు పాత వ్యాను కొని, వెనక భాగంలో రెండు బల్లమంచాలు, గ్యాసు పొయ్యి, నీళ్ల డ్రమ్ము, ఒక కంప్యూటరు పెట్టించారు. నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో వారపు అంగడి జరిగే ఊళ్లన్నీ తిరగడం నా పని. జనరేటరు వేసి, ఆకుముడతా కాయతొలుచు పురుగూ ఎలా ఉంటాయో తెర మీద రైతులకు చూపించాలి. వారానికోసారి హైదరాబాదు ఆఫీసుకు రిపోర్టు పంపాలి. అది ఇంటర్నెట్టులోనే పంపాలన్నది కంపెనీ వాళ్ల ముచ్చట.

ఊళ్లలో అప్పుడు ఇంటర్నెట్టు ఎక్కడిది? ఎస్టీడీ బూతు ఉన్న ఊరు చూసుకుని, బూతాయనను బతిమాలి, ఆయన ఫోను నుంచి పొడుగాటి తీగ ఒకటి మా వ్యాను కిటికీలోంచి లోపలికి లాగి మోడెముకు తగిలించేవాణ్ణి. హైదరాబాదు నంబరు కలిస్తే అది కీచుమనేది, బుసకొట్టేది, నాలుగైదుసార్లకు ఒకసారి నిలబడేది. నిలబడిందంటే ఇక నన్ను కదిపేవాడు లేడు. రిపోర్టు చిటికెలో పోయేది. ఆ తర్వాతి సేపంతా నా సొంతం. వారమంతా దుమ్ములో తిరిగినవాడికి అంతమాత్రం హక్కు ఉంటుందనుకునేవాణ్ణి.

మా డ్రైవరు కట్టంగూరు వైపు మనిషి, నాకన్నా పదిహేనేళ్లు పెద్ద. వంట కూడా ఆయనే చేసేవాడు. ఒకరోజు బియ్యం కడుగుతూ అడిగాడు.

"సారూ, గా తీగలకెళ్లి ఏమొస్తది?"

"లోకం వస్తది."

"మనం లోకంలనే ఉంటిమి గద. మళ్ల గదెందుకు, డబల్?"

ఆ మాటను నేను చాలా చోట్ల చెప్పి ఆయన మీద జనాన్ని నవ్వించాను. ఆయన ముందే చెప్పేవాణ్ణి.

ఆ రోజుల్లో నాకు ఇంటర్నెట్టులో ఒక విదేశీ ముసలాయన పరిచయమయ్యాడు. ఉద్యోగం మానుకుని, భార్యతో మోటార్‌హోములో ఊళ్లు తిరుగుతున్నాడు. నేనూ అలాంటి బండిలోనే ఉంటానని రాశాను. ఫ్రిజ్జు ఉందని రాశాను, స్నానాలగది ఉందని రాశాను. మేము పొద్దున్నే చెంబు పట్టుకుని కంపచెట్ల వెనక్కి పోతామని రాయలేదు. ఆయన సంతోషించి, తన బండి ఫోటో పంపుతానన్నాడు.

మహబూబ్‌నగర్‌కు గంట ప్రయాణంలో ఉన్న ఒక మండల కేంద్రంలో మంగళవారం అంగడి. అక్కడి బూతు నడిపేది ఒక ముస్లిం ఆయన. పోలియో వల్ల కుడికాలు సన్నబడి, చేతికర్రతో నడిచేవాడు. నాకు లైను ఇవ్వడానికి ఎన్నడూ కాదనలేదు. ఆ మంగళవారం మాత్రం తీగ తగిలించక ముందే అన్నాడు.

"సార్, ఐదింటికల్ల లైన్ ఇడ్వాలె. గామెకు ఫోనొస్తది."

బయట బండ మీద ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. పక్కన తలగుడ్డ చుట్టుకున్న ముసలాయన బీడీ తాగుతున్నాడు. ఆమె మామ. సంగతేమిటని నేనే అడిగాను. బూతాయన గొంతు తగ్గించి చెప్పాడు.

ఆమె భర్త గొర్ల మందతో మేళ్లచెరువు దిక్కు పోయి ఉన్నాడు. అక్కడి రైతులు ఎరువు కోసం పొలాల్లో మంద కట్టించుకుంటారు. ఈరోజు ఈ చెలకలో ఉంటే రేపు ఇంకో చెలకలో. ప్రతి మంగళవారం ఐదింటికి ఆయన ఏదో ఒక బూతు దాకా నడిచివచ్చి ఇక్కడికి ఫోను చేస్తాడు. వాళ్లకు ఒక బిడ్డ, తొమ్మిదో తరగతి. ముసలాయన ఆ పిల్లను తన చెల్లెలి కొడుక్కు ఇస్తానని మాట ఇచ్చేశాడు. అతని భార్య పోయినేడే చచ్చిపోయింది. తల్లి ఒప్పుకోలేదు, పెద్దల కాళ్ల మీద పడింది. పెద్దలు ఒక తీర్పు చెప్పారు. తండ్రికి కబురు పోవాలి. మంగళవారం ఐదింటి ఫోనులో అతను వద్దంటే పెళ్లి ఆగిపోవాలి. ఫోను రాకపోతే ఒప్పుకున్నట్టే.

వాళ్లలో అది పాత పద్ధతే. కబురు అందుకున్న మనిషికి గడువు పెడతారు, గడువుకు జవాబు రాకపోతే అది సమ్మతి. కాకపోతే ఇంతకాలం కబురు మోసింది మనిషి. ఇప్పుడు మనిషి జాగాలో ఫోను వచ్చి కూర్చుంది.

"కబురు అందిందా ఆయనకు?" అన్నాను.

"అందిందట. గొర్లోల్లే తెచ్చి చెప్పిన్రు. ఒద్దని చెప్పనీకె ఇయ్యాల చేస్తడు. గందుకే జర యాదుంచుకోండ్రి సార్, ఐదింటికల్ల."

నాలుగున్నర దాటాక లైను నిలబడింది. రిపోర్టు పంపాను. ఆ విదేశీ ముసలాయన పంపిన ఫోటో వచ్చి ఉంది. తెరిచాను. అది పైనుంచి కిందికి గీత గీతగా రావడం మొదలుపెట్టింది. ముందు నీలపు ఆకాశం, ఎంతసేపటికీ ఆకాశమే. నమాజుకు పిలుపు వినిపించింది. బూతాయన కర్ర అందుకుని వ్యాను కిటికీ దగ్గరికి వచ్చాడు.

"మజీదుకు పోయొస్త. తీగ మీరే గుంజేయండ్రి సార్."

"పోయి రాండి, నేను చూసుకుంటా."

ఐదైంది. తెర మీద చెట్ల కొనలు వచ్చాయి, బండి కప్పు కనబడుతోంది. తీగ పీకితే మళ్లీ ఆకాశం నుంచి మొదలుపెట్టాలి. ఇంకో రెండు నిమిషాలు అనుకున్నాను. ఆ తర్వాత ఇంకో రెండు.

ఆమె బండ మీదినుంచి లేచి బూతు గడపలో నిలబడింది. అక్కడినుంచి ఫోను కనబడుతుంది. రిసీవరు తన జాగాలో తను పడుకుని ఉంది. చూసేవాడికి అది ఖాళీగా ఉన్న ఫోనే. లైను మొత్తం నా బండిలో ఉందని ఆమెకు ఎలా తెలుస్తుంది? కానీ ఆమె మొద్దు మనిషి కాదు. ఫోను పక్కనున్న బిల్లు మిషను మీద ఎర్ర అంకెలు మారుతుండడం చూసింది. వ్యాను దగ్గరికి వచ్చింది.

"అన్నా, గా ఎర్ర అంకెలు ఉరుకుతున్నయేంది? ఎవరన్న మాట్లాడుతున్నరా?"

"లేదమ్మా. కరెంటుకు గట్ల తిరుగుతయ్."

"ఫోనొస్తే మోగుతది గద?"

"వస్తే మోగదా మరి?"

ముసలాయన బండ మీదినుంచి అన్నాడు. "ఏం తంటాలే నీయి. వాడు ఒద్దనేటోడైతే గీపాటికి మోగకపోవునా? కూసో."

ఆమె కూర్చోలేదు. ఫోనునే చూస్తూ నిలబడింది. నాకు వ్యాను కిటికీలోంచి ఆమె వీపు కనబడుతోంది. నేను ఆ వీపును చూశాను, తెరను చూశాను. బండి కిటికీలు వచ్చాయి, చారల చారల ఎండతెర వచ్చింది, దాని కింద కుర్చీలో ఆ విదేశీ ముసలాయన మోకాళ్లు వచ్చాయి. ఆయన బండి నిజంగానే బాగుంది. అసూయపడ్డాను కూడా. ఇన్ని ఏళ్లలో ఆ పాతిక నిమిషాల గురించి నాకు నేను చాలా సాకులు చెప్పుకున్నాను. ఏదీ నిలవలేదు. నాకు అంతా తెలుసు, తీగ నా చేతికి జానెడు దూరంలో ఉంది.

మజీదు వైపు నుంచి కర్ర చప్పుడు వినబడినప్పుడు తీగ పీకాను. అప్పటికి ఐదున్నర కావస్తోంది. బూతులోకి పోయి, మిషను కక్కిన చీటీ చింపి జేబులో పెట్టుకున్నాను. లైను ఎప్పుడు మొదలైంది, ఎంతసేపు నడిచింది, అన్నీ ఆ చీటీ మీద ఉంటాయి.

బూతాయన వచ్చీరాగానే అడిగాడు. "ఫోనొచ్చిందా?"

"రాలేదు" అన్నాను.

ముసలాయన లేచి బీడీ ఆర్పాడు. "ఇన్నవా? సారు చెప్తుండు. నా కొడుకు నా మాట జవదాటడు."

ఆమె ఏడవలేదు. ఇంకో ఘడియ చూద్దాం మామా అంది. ఆయన అప్పటికే నడుస్తున్నాడు. కొంచెంసేపు అక్కడే నిలబడి తనూ వెనకాలే పోయింది. గురువారం పొద్దున పెళ్లి చేసేశారు.

మళ్లీ మంగళవారం మా బండి ఆ ఊరు చేరేసరికి బూతు ముందు బూతాయనతో పాటు ఒక బక్కపలచని మనిషి నిలబడి ఉన్నాడు. భుజాన గొంగడి. కాళ్లు మోకాళ్ల దాకా దుమ్ము. అతనే పిల్ల తండ్రి. గురువారం మధ్యాహ్నం మళ్లీ ఫోను చేస్తే పెళ్లయిపోయిందని బూతాయన చెప్పాడట. మందను తోటివాడికి అప్పజెప్పి వచ్చేశాడు.

"సార్, నేను నాలుగుమాట్ల చేసిన" అన్నాడు. "నాలుగుమాట్ల టుంయ్ టుంయ్ అనవట్టె. వెనక సిమెంటు కంపెనీ పనోల్లు లైన్ల నిలవడి ఒర్లుతుండ్రి. ఇగ అక్కడి బూతాయన నన్ను బయటికి గుంజిండు. మీ తీగ ఉండెనట గద. జర పెద్దల ముంగట గా ముక్క చెప్పుండ్రి. పిల్లను ఇంక అత్తగారింటికి తోలలేదు. మీరు చెప్తే తెగుతది."

అతని గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నాకు సులువయ్యేది.

పశువుల దవాఖాన అరుగు మీద పెద్దలు కూర్చున్నారు. నాకు కుర్చీ తెప్పించి వేశారు. పిల్ల తల్లీ పిల్లా కింద, గోడవారన కూర్చున్నారు. పెళ్లికొడుకు రాలేదు, అతని తల్లి వచ్చింది. ఒక పెద్దాయన నన్ను అడిగాడు.

"సారూ, నువ్ సదువుకున్నోనివి. నువ్ చెప్పిందే ఖరారు. ఐదింటికి తీగ నీ బండిల ఉండెనా, లేదా?"

ఉండెను అని ఒక్క మాట అంటే సరిపోయేది.

"ఐదు గాకముందే తీసేసిన" అన్నాను.

బూతాయన నా మొహం చూశాడు. "మిషన్ల చీటీ వస్తది పెద్దమనుషులూ. ఎన్ని గంటలకు ఇడ్చిన్రో దాంట్లుంటది. చీటీ సార్ దగ్గరున్నది."

"గదెప్పుడో పారేసిన" అన్నాను. అది నా డైరీలో, బల్లమంచం కింది పెట్టెలో ఉంది.

తండ్రి మళ్లీ అదే అన్నాడు, నాలుగుసార్లు చేశానని, టుంయ్ టుంయ్ అన్నదని. ముసలాయన నవ్వాడు. "గొర్లను అదిలిచ్చినట్టు ఫోన్ను అదిలిస్తే మోగుతదారా? ఏ నంబరు నొక్కినవో, ఎవరింట్ల మోగిందో." అరుగు మీద అందరూ నవ్వారు. కన్నకొడుకును పట్టుకుని ఆ మాట అన్నాడు ఆ ముసలాయన, మాట నెగ్గడం కోసం. నేను కూడా నవ్వాను. అది గుర్తుంది. అందరితో కలిసి పళ్లు కనబడేట్టు నవ్వాను.

ఎందుకు అబద్ధమాడానంటే, లైనుకు అంత ఖర్చేమిటని ఆఫీసు అప్పటికే ఒకసారి అడిగింది. ఉద్యోగం పోతుందన్న భయం ఉంది. కానీ అది సగమే. ఆ కుర్చీలోంచి దిగి, ఒక బొమ్మ కోసం మీ పిల్లను ముంచానని చెబితే, ఆ మనుషులు నన్ను సారు అనడం మానేస్తారని ఎక్కువ భయపడ్డాను.

గడువుకు ఫోను రాలేదు గనుక ఒప్పుకున్నట్టేనని పెద్దలు తేల్చారు. లేచేటప్పుడు ఆ పెద్దాయనే అన్నాడు. "సారు బండి పిల్ల అత్తగారూరి దిక్కే పోతాంది గద. పిల్లను పెట్టెతోని దింపిపోతడు. బస్సు కోసం చూసుడెందుకు?"

సరేనన్నాను. తల్లి వస్తానంటే, ఏడ్చి ఆగం చేస్తావని వద్దన్నారు. ముసలాయన ముందు సీట్లో డ్రైవరు పక్కన ఎక్కాడు. వెనక, నా బల్లమంచం మీద పిల్ల, ఎదురు మంచం మీద నేను. పెళ్లికొడుకు తల్లికి బండి పడదు, తల కిటికీ బయట పెట్టి కూర్చుంది.

చాలాసేపు పిల్ల కంప్యూటరు వైపే చూసింది.

"గిదేనా సార్?" అంది.

"ఇదే."

"మా నాయిన నాలుగుమాట్ల చేసిన్నంటుండు. నిజమేనా?"

అక్కడ వినేవాళ్లు వేరే ఎవరూ లేరు కనుక చెప్పాను. "నిజమే."

"అప్పుడు తీగ గిండ్లనే ఉండెనా?"

"ఉండె."

"మరి అక్కడ చెప్పకపోతివి."

బండి గతుకుల్లో ఊగుతోంది. నిజం చెప్పి ఆ పిల్లకు ఏదో ఇచ్చానని ఆ క్షణంలో అనుకున్నాను. ఇచ్చింది లేదు. నా బరువు కొంత తీసి ఆమె పెట్టె మీద పెట్టాను. తన తండ్రి వద్దన్నాడని, ఆ మాట దారిలోనే చచ్చిందని ఇక బతుకంతా ఆమెకు తెలిసి ఉంటుంది. తెలియకపోతే తండ్రి మీద కోపంతోనైనా బతికేది.

ఊరు దగ్గరపడుతుంటే అంది. "మా నాయినను అందరు నవ్విండ్రు సార్. ఆయిన అబద్ధమాడలేదని ఒక్కపారి అందరికి చెప్పుండ్రి. నాకోసం కాదు. నాదెట్లన్న అయిపాయె."

"చెప్తా, బిడ్డా" అన్నాను.

దిగింది. పెట్టె తనే మోసుకుంది. ముసలాయన నాకు దండం పెట్టాడు.

రెండు రోజుల తర్వాత నల్లగొండ వైపు ఒక ఊళ్లో వేరే బూతు దొరికింది. తీగ లాగి, లైను నిలబడ్డాక, ఆఫీసుకు రాశాను. ఆ మంగళవారం అంగడిలో మన సరుకు కొనే రైతులు లేరు, ఆ ఊరు తీసేసి ఇంకో ఊరు ఇవ్వండి అని. మరుసటి వారం లైను కలిసినప్పుడు సరేనని జవాబు వచ్చి ఉంది.

డ్రైవరుకు చెప్పాను. ముందు సీటుకూ వెనక భాగానికీ మధ్య ఉన్నది ఉత్త చెక్క. ఆ రోజు మేము మాట్లాడుకున్నదంతా ఆయనకు వినబడే ఉంటుంది.

"మంగళవారం గా ఊరికి పోమన్నట్టు" అన్నాడు.

"పోము."

ఎందుకని అడగలేదు. పొయ్యి ముట్టించి అన్నం వండాడు. నా పళ్లెంలో వడ్డించి మంచం మీద పెట్టి, తన పళ్లెం తీసుకుని బండి దిగిపోయాడు. నేను ఆ పని వదిలేసేదాకా ఆయన మళ్లీ నాతో కూర్చుని తినలేదు.