సాక్సులు వేసుకున్న చెల్లెలితో భూపాలపల్లి దాకా

కాళేశ్వరంలో గోదావరి స్నానం చేద్దామని మా చెల్లెలు సుగుణ మూడేళ్లుగా నా ప్రాణం తీస్తోంది. తీరా ఈ వానాకాలం ప్రయాణం కుదిరాక ఫోన్ చేసి, నీళ్లలో దిగొద్దు, ఒడ్డు మీదే దండం పెట్టుకుందాం అంది. నీళ్లు కనిపిస్తే చాలు కొంగు బిగించే మనిషి ఒడ్డున నిలబడతానంటే లోపల ఏదో ఉన్నట్టే. సంగతి తేల్చుకుందామని మర్నాడే బయలుదేరాను.

జనగామలో ఉదయం ఏడింటి ప్రాంతంలో రైలెక్కితే కాజీపేట మీదుగా సుగుణ వాళ్లుండే మహబూబాబాద్‌కు రెండు గంటల పైచిలుకు. టికెట్ వంద లోపే. స్టేషన్ బయట ఆటో అతన్ని బస్టాండు ఎంత దూరమని అడిగితే, "గిదే అవ్వా, దగ్గర్నే. ఎనభై ఇయ్యి" అన్నాడు. దగ్గరైతే ఎనభై ఎందుకని నడిచే పోయాను. బస్టాండులో సుగుణ కనిపించింది, చెప్పుల్లో సాక్సులతో. ముసురుకు సాక్సులు తడిసి ముద్దయ్యాయి. పుట్టి బుద్ధెరిగాక అది సాక్సులు వేసుకోగా చూడలేదు. అడిగితే చలి అంది. నాకేమో ఉక్కపోతకు చెమట కారుతోంది.

కాళేశ్వరం దారిలో రాత్రికి ఆగాల్సిన భూపాలపల్లికి హన్మకొండలో బస్సు మారి, పరకాల మీదుగా వెళ్లాలి. మొత్తం నాలుగున్నర గంటలు పడుతుంది. ఆడవాళ్లం ఆధార్ చూపిస్తే జీరో టికెట్. కండక్టర్ కార్డులో ఫొటోను, నా మొహాన్ని రెండుసార్లు పోల్చి చూశాడు. అనుమానం నా ఒక్కదాని సొత్తు కాదని తెలిసి కాస్త నిమ్మళించాను. దారి పొడవునా సుగుణ పాదాన్ని ముందు సీటు ఇనుప కడ్డీకి రుద్దుతూనే ఉంది.

హన్మకొండ బస్టాండు బెంచీ మీద కూర్చోబెట్టి సాక్సులు విప్పించాను. వాసన ముందొచ్చింది. వేళ్ల సందుల్లో తోలు తెల్లగా నాని పాచిపోయింది. మట్టెల కింద వేలు వాచి, చీలి, ఎర్రగా ఉంది. సుగుణకు షుగర్ ఉంది. ఆర్నెల్లుగా మందుల షాపులో చీటీ లేకుండా కొన్న ట్యూబు రాస్తోందట. రెండు రోజుల్లో దురద పోతుంది, మానేస్తుంది, మళ్లీ ఇంకాస్త పైకి పాకుతుంది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదట.

మూడున్నరకు భూపాలపల్లిలో దిగి, లాడ్జిలో సంచులు పడేసి, చర్మం డాక్టరమ్మ దగ్గరికి లాక్కుపోయాను. చిన్నపిల్ల. నాకేం నమ్మకం కుదరలేదు. కానీ ఆ పిల్ల ముందు ట్యూబు మీద అక్షరాలు చదివింది. ఇందులో స్టెరాయిడ్ కలిసి ఉంది, దురదను నొక్కేస్తుంది, కింద ఫంగస్ హాయిగా పెరుగుతుంది అంది. కొత్త మందు రాసిచ్చింది, పుండు మానినట్టు కనిపించాక కూడా చెప్పినన్ని రోజులు రాయాలట. తువ్వాల వేరుగా ఉంచుకోవాలట, తడి సాక్సులు వెంటనే మార్చాలట. షుగర్ ఉన్నవాళ్లకు ఆ చీలికలోంచి చీము పట్టి కాలి మీదికి వస్తుందని మెల్లగానే చెప్పింది. చివర్లో, మట్టెల కింద తడి ఆరదు, వాపుకు అవి ఊడిరావు, కోయించి తీసేయండి అంది.

బయటికొచ్చాక సుగుణ నా మొహంలోకి చూసింది. నేను ఆకాశంలోకి చూశాను. నా మట్టెలు తీసి తొమ్మిదేళ్లయింది. మొగుడు బతికున్న ఆడదానితో మట్టెలు తియ్యమని నేనంటే, రేపు దాని మొగుడు, మా మరిది రాజయ్యకు జలుబు చేసినా ఆ నింద నాదే.

తీయకుండా వదులు చేయొచ్చేమో అడుగుదామని సుగుణే బజారులో వెండి బంగారం పని చేసే ఓ అవుసులాయన కొట్టు ఎక్కింది. వేలు చూసి, కొయ్యాల్సిందే అన్నాడాయన. కటింగ్ ప్లేయర్ చేతిలోకి తీసుకుని, నా బోసి నుదురు చూసి ఆగిపోయి, సుగుణ వైపు తిరిగాడు.

"అమ్మా, మీ ఇంటాయన ఉన్నడా?"

"ఉన్నడు."

"అయితే ఆయనతోని ఒక మాట చెప్పియ్యి. రేపు ఎవలన్న అడిగితే నా మీదికొస్తది."

సుగుణ ఫోన్ కలిపి స్పీకరు పెట్టింది. కాలి సంగతి అప్పుడే మొదటిసారి చెప్పింది, ఏడుస్తూ.

"వదినె పక్కకున్నదా?" అన్నాడు రాజయ్య.

వచ్చింది నా మీదికే అనుకున్నాను. "ఉన్న. నేనైతే తియ్యమని ఒక్క మాట అనలే" అన్నాను.

"ఎందుకనలే వదినె? గంత చదువుకున్నవ్. కాలు పోయేదాక చూస్తవా? ఏ అన్నా, కొయ్యి. నా పానం గా వెండి ముక్కల ఉంటదా?"

అవుసులాయన టక్కున కోసేశాడు. కింద తోలు తెల్ల కాగితంలా ఉంది. గాలి తగలగానే సుగుణ కళ్లు మూసుకుంది.

మర్నాడు కాళేశ్వరం మానుకుని మొదటి బస్సుకే వెనుదిరిగాం. ఈ ప్రయాణంలో ఆటోను, సాక్సులను, ట్యూబును, డాక్టరు వయసును అన్నింటినీ అనుమానించాను. వాటిలో సగం సరైనవే. రాజయ్యను అనుమానించిందే తప్పు, ఆ తప్పుతో దవాఖాన గుమ్మంలో నోరు మూసుకున్నాను. జనం ఏమనుకుంటారోనన్న లెక్కలో చెల్లెలి కాలిని రెండో స్థానంలో పెట్టాను. బడిలో ముప్ఫై ఏళ్లు పిల్లలకు ఆరోగ్యపాఠం చెప్పినదాన్ని మరి.

వానల్లో ఇటు వచ్చేవాళ్లు సంచిలో ఒక పొడి నూలు గుడ్డ వేరుగా పెట్టుకోండి. దిగిన ప్రతిచోటా వేళ్ల సందులు, మట్టెల కింద కూడా, తుడుచుకున్నాకే చెప్పులేసుకోండి.